మరియమ్మకు ఇవ్వాల్సిన బిడ్డ

2019 ఫిబ్రవరి. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోకి కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిలో నేను చాప్లెయిన్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. ఈ ఉద్యోగం ఏమిటో మనవాళ్ళకు చెప్పడం ఎప్పుడూ కష్టమే. "పాస్టరమ్మా?" అని అడుగుతారు. నేను ప్రసంగాలు చేయను, ఎవరినీ ఏ మతంలోకీ పిలవను. రోగిది ఏ మతమైనా, అసలు మతమే లేకపోయినా, భయపడుతున్న సమయంలో పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఊరికే కూర్చున్నందుకు జీతమిస్తారంటే మా పిన్ని ఇప్పటికీ నమ్మదు.

ఇన్నేళ్ళలో ఎన్ని గదుల్లో కూర్చున్నానో లెక్కలేదు. చాలామంది ముఖాలు మరిచిపోయాను. ఈ ఒక్క కేసు మాత్రం నన్ను వదల్లేదు, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేను. పేర్లు మార్చాను. తప్పును మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది ఒంగోలు. నాన్న బాప్టిస్టు పాస్టరు. మా చాపెల్ గోడలు సున్నం వేసి బోసిగా ఉండేవి. పటం లేదు, బొమ్మ లేదు, కొవ్వొత్తి కూడా కరెంటు పోతేనే వెలిగేది. మరియమ్మ ప్రస్తావన క్రిస్మస్ వారంలో తప్ప వచ్చేది కాదు. "మంచి తల్లి. అంతవరకే," అనేవారు నాన్న. ఆ 'అంతవరకే' దగ్గర ఆయన గొంతు కాస్త గట్టిపడేది. కొండమీద మాత తిరనాళ్ళకు వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చేవాళ్ళ గురించి మా ఇంట్లో చులకనగా మాట్లాడుకునేవాళ్ళం. నేనూ మాట్లాడాను.

అమెరికా వచ్చి సెమినరీలో చేరాక, నాన్న మీద పంతంతోనేమో, థీసిస్‌కి సరిగ్గా ఆ విషయమే ఎంచుకున్నాను. తొలి శతాబ్దాల క్రైస్తవంలో మరియమ్మ మీద భక్తి ఎలా మొదలై ఎలా పెరిగిందన్నది. రెండేళ్ళు గ్రంథాలయంలో గడిపాను. మంచి గ్రేడు వచ్చింది. నాన్న దాన్ని తెరిచి చూడలేదు. నాకు మాత్రం ఆ సబ్జెక్టు పూర్తిగా అర్థమైపోయిందన్న ధీమా మిగిలింది.

ఆ ఫిబ్రవరిలో ఎన్ఐసియు నుంచి రిఫరల్ వచ్చింది. ఎన్ఐసియు అంటే నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల వార్డు. రిఫరల్ అంటే నర్సు కంప్యూటర్లో నాకు పెట్టే పిలుపు. ప్యాట్ అనే సీనియర్ నర్సు రెండే ముక్కలు రాసింది: "తల్లి మీ భాష మనిషి. ఎవరితోనూ మాట్లాడటం లేదు." చార్టులో మతం అన్నచోట హిందూ అని ఉంది.

పాప ఇరవై నాలుగో వారంలో పుట్టింది. గాజుపెట్టెలా ఉండే ఐసొలెట్‌లో, నోట్లో గొట్టంతో, నా అరచేతి కంటే కొంచెం పెద్దగా ఉంది. పెట్టె మీద కార్డులో పేరు లేదు, బేబీ గర్ల్ అని మాత్రం ఉంది. పక్కన కుర్చీలో లావణ్య. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. స్వెటర్ మీద ఆసుపత్రి గౌను, కాళ్ళకు ఆసుపత్రి సాక్సులు. ఫోన్లో ఆమె తల్లి విజయవాడ నుంచి వీడియో కాల్‌లో ఉంది.

"మేరీ, పొద్దున్నైనా కాస్త తిన్నావా? మేరీ, వినపడతందా?" అంటోంది ఆవిడ.

నేను చార్టు వైపు మళ్ళీ చూసుకున్నాను. కాల్ అయ్యాక నా పేరు ఎస్తేరు అని చెప్పి, మాది ఒంగోలన్నాను. లావణ్య తల తిప్పి మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది.

"మీరు క్రిస్టియన్సా అక్కా?"

"అవును. మీరు?"

"మేం హిందువులమే. మేరీ నా ఇంటిపిలుపు. నేను మాత బిడ్డని."

ఆ పేరు కథ ఆరోజే చెప్పింది. తనకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. మూడోది తను. మన వైపు పిల్లలు దక్కని ఇళ్ళలో బిడ్డను చేటలో పెట్టి పరాయివాళ్ళకు ఇచ్చేసి, పెంచుకుంటామని మళ్ళీ తెచ్చుకుని, పుల్లయ్యనో పెంటమ్మనో పేరు పెట్టడం ఉంది కదా. లావణ్య తల్లి చేటను బెజవాడ కొండమీద మేరీమాత మెట్ల దాకా మోసుకెళ్ళింది. "నా కడుపున పుట్టింది నాకు దక్కట్లా. ఇది నీ బిడ్డ తల్లీ," అని కింద పెట్టి వెనక్కి తిరిగి నిలబడింది. అక్కడ కొవ్వొత్తులమ్మే క్రైస్తవావిడ చేటలోంచి పిల్లను ఎత్తుకుని, "ఇది మా అమ్మ బిడ్డ. నువ్వు పెంచు," అని తెచ్చి చేతికిచ్చింది.

"అందుకే బతికానంట," అంది లావణ్య.

పాస్టరు కూతురిగా నాకు లోపల నవ్వొచ్చింది. చాప్లెయిన్‌గా తల ఊపి విన్నాను. తొమ్మిదేళ్ళలో ఆ రెండు పనులూ ఒకేసారి చేయడం బాగా అలవాటైంది.

ఆ వార్డులో తల్లులకు ఒకటే పని ఉంటుంది. మూడు గంటలకోసారి పక్క గదిలోకి వెళ్ళి, పంపు పెట్టుకుని పాలు తీయాలి. పాప తాగలేదు. నర్సు దూదిపుల్లను ఆ పాలలో ముంచి పెదాలకు అద్దుతుంది, అంతే. ఆ ఇరవై నిమిషాలూ లావణ్యకు నరకంగా ఉండేవి. మెషీన్ చప్పుడు వింటుంటే ఏడుపొస్తోందనీ, ఏదో ఒకటి మాట్లాడమనీ అడిగింది. నా చదువు గురించి అడిగితే థీసిస్ సంగతి చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"మాత గురించి చదువుకున్నారా? అయితే చెప్పండక్కా. మొదట్నించీ ఆవిడకి దణ్ణం పెట్టేవాళ్ళా?"

అలా మొదలైంది. రోజూ పంపు గదిలో ఒక పాఠం. ఒప్పుకోవాలి, నాకు ఎంత సంతోషంగా ఉండేదో. నా థీసిస్‌ను నా గైడు తర్వాత ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు.

మొదట్లో ఆమె గురించి దాదాపు ఏమీ లేదని చెప్పాను. పౌలు తన ఉత్తరాల్లో పేరైనా రాయలేదు, యేసు ఒక స్త్రీకి పుట్టాడన్నాడంతే. సువార్తల్లో కూడా కొన్నిచోట్లే కనిపిస్తుంది. కొడుకు పుట్టుక దగ్గర, పెళ్ళింట్లో ద్రాక్షరసం అయిపోయినప్పుడు, చివరికి సిలువ దగ్గర. "సిలువ దగ్గర ఉందా? కళ్ళముందే పోయాడా?" అని లావణ్య అడిగింది. ఉందని యోహాను రాశాడన్నాను. ఆమె పంపు ఆపేసింది.

ఈజిప్టు సంగతి చెప్పాను. అక్కడ ఒడిలో కొడుక్కి పాలిచ్చే దేవత బొమ్మలు క్రీస్తుకు చాలా ముందునుంచీ ఉన్నాయని, తర్వాత అదే నేల మీద పాలిచ్చే మరియమ్మ బొమ్మలు వచ్చాయని, దాన్నుంచే ఇది వచ్చిందా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారని. అదే దేశపు ఇసుకలో ఒక చిన్న పపైరస్ ముక్క దొరికింది. ఆపదలో ఉన్నవాళ్ళు ఎవరో, తల్లీ నీ చాటుకు వచ్చామని మొరపెట్టుకున్న నాలుగు మాటలు దాని మీదున్నాయి. ఎప్పటిదో కచ్చితంగా తేలలేదు. ఆమెను నేరుగా పిలిచిన మొరల్లో మనకు దొరికిన అతి పాతవాటిలో అదొకటి.

లావణ్యకు బాగా నచ్చింది మాత్రం రొట్టెల కథ. నాలుగో శతాబ్దంలో ఒక బిషప్పు, దారి తప్పినవాళ్ళందరి జాబితా రాస్తూ, అరేబియా వైపు కొందరు ఆడవాళ్ళను తిట్టాడు. వాళ్ళు ఒక పీట మీద గుడ్డ పరిచి, మరియమ్మ పేరు మీద రొట్టెలు పెట్టి, తర్వాత అందరూ పంచుకుని తినేవాళ్ళట. ఆమెను గౌరవించండి, పూజించకండి అని ఆయన తీర్పు. ఆ ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆయన తిట్టబట్టే వాళ్ళున్నారని మనకు తెలిసింది.

"రొట్టెలు పెడితే ఆయన సొమ్మేం పోయిందంట?" అంది లావణ్య.

నేను గట్టిగా నవ్వాను. "నా థీసిస్‌లో నలభై పేజీలు రాసింది అదేనమ్మా," అన్నాను. నిజంగానే ఆ బిషప్పును ఉతికి ఆరేశాను అందులో. నేను ఆ రొట్టెల ఆడవాళ్ళ పక్షం. ఆ విషయంలో నాకు ఎలాంటి అనుమానమూ ఉండేది కాదు.

ఎఫెసు నగరంలో బిషప్పులంతా కూడి ఆమెను దేవుడి తల్లి అనొచ్చా లేదా అని కొట్టుకున్న సంగతి చెబితే, "పిల్లల్ని కన్నవాళ్ళని ఒక్కళ్ళని అడిగారా?" అంది. బిషప్పుల తీర్పు కోసం జనం పొద్దంతా బయట కాసుకు కూర్చున్నారనీ, అనొచ్చని తేలగానే దివిటీలు పట్టుకుని వాళ్ళను ఊరేగించారనీ చెబితే, లావణ్య మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను పొంగిపోయాను. ఆరోజు నా నోట్స్‌లో 'తల్లి తేరుకుంటోంది' అని రాసుకున్నాను కూడా.

తొమ్మిదో రోజు పొద్దున రెండో శతాబ్దపు కథ చెప్పాను. బైబిల్లో లేనిది, అయినా జనం గుండెల్లోకి అన్నిటికంటే లోతుగా వెళ్ళింది. మరియమ్మను కన్న అన్నమ్మ గొడ్రాలు. తోటలో పిచ్చుక గూడు చూసి, పిట్టలకున్న భాగ్యం నాకు లేదే అని ఏడ్చింది. బిడ్డ పుడితే దేవుడికి ఇచ్చేస్తానని మొక్కుకుంది. పుట్టింది. మూడేళ్ళు నిండగానే గుడికి తీసుకెళ్ళి ఇచ్చేసింది. పాప వెనక్కి తిరిగి చూడలేదట.

లావణ్య చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

"అంటే మాతని కూడా వాళ్ళమ్మ ఇచ్చేసిందా?"

"కథలో అలా ఉంది."

"నన్ను ఇచ్చినట్టే."

అవునన్నట్టు నవ్వి ఊరుకున్నాను. పాఠం బాగా కుదిరిందనుకున్నాను.

అదే రోజు మధ్యాహ్నం పాప పొట్ట నల్లబడింది. నెలలు నిండని పిల్లల్లో పేగు కుళ్ళిపోయే జబ్బు అది, దాన్ని వార్డులో నెక్ అంటారు. సాయంత్రానికి డాక్టరు తల్లిదండ్రులను చిన్న గదిలో కూర్చోబెట్టింది. ఆపరేషన్ తట్టుకోలేదని చెప్పింది. కంఫర్ట్ కేర్ అనే మాట వాడింది. అంటే నయం చేసే ప్రయత్నాలు ఆపి, నొప్పి లేకుండా మాత్రం చూడటం. ఇంకొక రోజు చూసి, ఎల్లుండి మధ్యాహ్నం గొట్టాలు తీసి పాపను ఒళ్ళో పెడతామంది. లావణ్య భర్త నవీన్ కరీంనగర్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్. అతను ప్రతి ముక్కా ఫోన్లో టైపు చేసుకుంటూ విన్నాడు. రాసుకుంటే అర్థం మారుతుందేమో అన్నట్టు ఆపకుండా రాశాడు.

మర్నాడు లావణ్య నన్ను పంపు గదిలోకి పిలిచింది. పంపు తీయలేదు. తలుపు వేసింది.

"అక్కా, పాపని మాతకి ఇచ్చేస్తాను. రేపు నా ఒళ్ళో పెడతారు కదా, అప్పుడు. ఇక్కడ మెట్లెక్కడున్నయ్యి, మీరే ఉన్నారు. మీరు ఎత్తుకుని, ఇది మా అమ్మ బిడ్డ అనండి చాలు. ఇంకేం చెయ్యొద్దు."

ఆమె రెండు చేతులూ నా ముందు చాపి ఎలా అందుకోవాలో చూపించింది.

ఇప్పుడు నేనేం చేశానో దాచకుండా రాస్తాను. చాప్లెయిన్లకు స్కోప్ అని ఒకటి ఉంటుంది. మనం ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు అన్న గీత. మన సంప్రదాయం కాని కర్మలు మనం చేయకూడదు, ఆ మతం వాళ్ళను పిలిపించాలి. మొదట ఆ గీత పట్టుకున్నాను. రెండోది, లేని ఆశ కల్పించకూడదని మాకు నూరిపోస్తారు. తనను ఇస్తే తను బతికింది కాబట్టి ఇది కూడా బతుకుతుందని ఈ పిల్ల అనుకుంటోంది, రేపు గుండె పగిలి చస్తుంది అనుకున్నాను. ఈ రెండు కారణాలూ మంచివే. వాటి కింద మూడోది ఉంది. తెల్ల సున్నం గోడల మధ్య నిలబడి 'అంతవరకే' అంటున్న గొంతు. ఒంగోలు పాస్టరు కూతురు మరియమ్మ పేరు మీద బిడ్డను అందుకోవడమా?

"లావణ్యా, నేను అది చేయకూడదమ్మా," అన్నాను. "నేను క్యాథలిక్ కాదు. ఫాదర్‌ని పిలిపిస్తాను."

"క్యాథలిక్ అక్కర్లేదక్కా. కొవ్వొత్తులావిడ ఏంటో మా అమ్మ అడగనే లేదు."

"ఇంకోటి. నిన్న చెప్పిన ఆ కథ బైబిల్లో లేదు. తర్వాత ఎవరో కల్పించింది. ఇవ్వడం వల్ల పిల్లలు బతుకుతారని అనుకోకూడదు."

చెబుతుండగానే నాకు తెలిసింది నేను ఇచ్చింది నేనే లాక్కుంటున్నానని. అయినా ఆగలేదు. ఇంకా రెండు మూడు వాక్యాలు చెప్పాను, శతాబ్దాలతో సహా.

లావణ్య చాపిన చేతులు దగ్గరికి తీసుకుంది. "సరేలే అక్కా," అంది.

మధ్యాహ్నం ఫాదర్ వచ్చారు. డెబ్భై దాటిన ఐరిష్ ముసలాయన, మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడుస్తారు. బాప్తిస్మం ఇమ్మంటే ఇస్తానని నెమ్మదిగా అడిగారు. నవీన్ వెంటనే అడ్డుపడ్డాడు. "వద్దు మేడమ్. దండం పెడ్తే పెట్టమనుండ్రి గని బాప్తిస్మం గీప్తిస్మం ఏం వద్దు. మా ఇంట్ల తెలిస్తే మస్తు లొల్లయితది. ఇప్పటికే నాతోని అయితలేదు." ఫోను మోగితే పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

లావణ్య నా వైపు చూడకుండా తెలుగులో మెల్లగా అంది: "ఆయన్ని అడగండక్కా. రేపు ఆయన ఎత్తుకుంటారేమో."

ఆమెకు ఇంగ్లీషు వచ్చు. కానీ ఈ మాట ఇంగ్లీషులో ఎలా అడుగుతుంది? అడగాల్సింది నేను. ఫాదర్ నన్ను తలుపు దగ్గరికి పిలిచి, ఆమెకు వినపడకుండా, ఏమంటోందని అడిగారు. చేట, మెట్లు, కొవ్వొత్తులావిడ, ఇవన్నీ ఈ పెద్దాయనకు వివరించాలంటే నాకు సిగ్గేసింది. మన జనం ఇలాంటివాళ్ళు అనుకుంటాడేమో అన్న సిగ్గు.

"పాపను దీవించమంటోంది," అన్నాను.

ఆయన తిరిగి వచ్చి ఐసొలెట్ పక్క కంతలోంచి రెండు వేళ్ళు లోపలికి పెట్టి పాప నుదుటి మీద సిలువ గీసి వెళ్ళిపోయారు. అది చూసి ఆయన ఒప్పుకోలేదనే లావణ్య అనుకుని ఉంటుంది. నేను అలా అనుకోనిచ్చాను.

పదకొండో రోజు మధ్యాహ్నం గొట్టాలు తీశారు. పాప ముఖం మేము అప్పుడే మొదటిసారి పూర్తిగా చూశాం. చిన్న గడ్డం, తల్లి గడ్డమే. లావణ్య ఒళ్ళో దుప్పటిలో నలభై నిమిషాలు ఊపిరి తీసింది. నవీన్ కుర్చీ వెనక నిలబడి భార్య జుట్టు నిమురుతూనే ఉన్నాడు. ప్యాట్ దూదిపుల్లతో పాలు తెచ్చి పెదాలకు అద్దింది.

మధ్యలో ఒకసారి లావణ్య తలెత్తి నా చేతుల వైపు చూసింది. నేను వాటిని వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాను. మాకు అలాగే నేర్పుతారు, అనుమతి లేకుండా ఎవరినీ తాకొద్దని. దాహమేస్తోందేమో అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాను. గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి టైము చెప్పింది. అప్పుడు లావణ్య మాట్లాడింది. ఏడవకుండా, నాతోనే.

"బతకదని నాకు తెలుసక్కా. డాక్టర్ చెప్పింది కదా, నేనూ చదువుకున్నా. బతకాలని అడగలా. నా చేతులు ఇక్కడిదాకే. అవతల ఎవరి చేతుల్లోకి పోయింది?"

మౌనంగా ఉండటం మా వృత్తిలో ఒక నేర్పు అంటారు. ఆరోజు నాది నేర్పు కాదు.

పాపను మార్చురీకి తీసుకెళ్ళే వేళ లావణ్య దాన్ని ప్యాట్ చేతికి ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు. మా ఆసుపత్రిలో పసిబిడ్డలను బండి మీద తీసుకెళ్ళరు, ఎవరో ఒకరు ఎత్తుకునే నడుస్తారు. వరండాలోకి వచ్చాక ప్యాట్‌కు వేరే పెట్టె దగ్గర అలారం మోగితే పాపను నాకు అందించి పరిగెత్తింది. లిఫ్టులో నేనూ పాపా మిగిలాం. అప్పుడు అన్నాను. తెలుగులో, గట్టిగానే. ఇది మా అమ్మ బిడ్డ. రెండుసార్లు అన్నాను. నాన్న గొంతు ఏమీ అనలేదు. లిఫ్టు బేస్‌మెంట్‌లో ఆగింది.

వారం తర్వాత కెఫెటీరియాలో ఫాదర్ ఎదురైతే మొత్తం చెప్పేశాను. ఆయన టీ కప్పు కింద పెట్టేశారు.

"ఒక బిడ్డను ఎత్తుకుని, ఈమె మా తల్లి బిడ్డ అనడమా? అంతేనా ఆమె అడిగింది?" అన్నారు. "ఎస్తేర్, నాకు చెప్పి ఉంటే మోకాళ్ళ మీదైనా వచ్చేవాణ్ణి కదా."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

బిడ్డ పోయిన తల్లులకు ఆరు వారాలకు ఒకసారి ఫోన్ చేయడం మా పద్ధతి. దాన్ని బిరీవ్‌మెంట్ కాల్ అంటారు. చేశాను. అప్పటికే వాళ్ళు నార్త్ కరొలైనాలో మోరిస్‌విల్‌కి మారిపోయారు, నవీన్‌కి అక్కడ కొత్త ప్రాజెక్ట్. లావణ్య మర్యాదగానే మాట్లాడింది. తింటున్నానంది, నడుస్తున్నానంది. పెట్టేయబోతూ ఆగింది.

"కిందికి తీసుకెళ్ళింది మీరేనంట కదా. ప్యాట్ చెప్పింది. ఎత్తుకునే వెళ్ళారా?"

"ఎత్తుకునే వెళ్ళానమ్మా."

"ఏమన్నా అన్నారా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. పైగా, ఈ మాట ఆమెకు ఊరటనిస్తుందని ఆశపడ్డాను. "నువ్వు చెప్పిన మాటే అన్నాను లావణ్యా. రెండుసార్లు."

ఆమె మెల్లగా అంది:

"మీరు అంటే ఎట్లా అవుద్దక్కా? నేను ఇవ్వాలి కదా. మా అమ్మ ఇచ్చింది, అప్పుడు ఆవిడ తీసుకుంది. నేను ఇవ్వలా. నా చేతుల్లోంచి ఎవరూ తీసుకోలా."

ఆ తర్వాత ఆమెతో నేను మాట్లాడలేదు. రెండోసారి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె అలా చేయడం నాకు తప్పుగా తోచలేదు.

థీసిస్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఒకసారి తీసి ఆ నలభై పేజీలూ చదివాను. బిషప్పు మీద రాసిన ప్రతి వాక్యమూ బాగానే ఉంది. ఆయన దగ్గర కూడా కారణాలు ఉండే ఉంటాయని, ఆ కారణాలు మంచివే అయి ఉంటాయని ఒక్కచోటైనా రాయలేదు. ఆ పీట ముందు కూర్చున్న ఆడవాళ్ళు రొట్టెలు ఎందుకు పెట్టారో కూడా నేను రాయలేదు. అరేబియా ఎడారిలో పురిట్లో ఎంతమంది పిల్లలు పోయి ఉంటారు? వాళ్ళను ఏ చేతుల్లో పెట్టాలో తెలియక, కొడుకు చావు కళ్ళారా చూసిన ఒక తల్లిని వెతుక్కుని ఉంటారని నాకు తోచలేదు. ఆ భక్తి పుస్తకాల నుంచి పుస్తకాల్లోకి పాకినట్టు రాశాను. ఇన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళ పక్షమే అనుకున్నాను. తీరా ఒకామె వచ్చి నా ముందు చేతులు చాపితే, బిషప్పు నిలబడిన చోటే నిలబడ్డాను.

స్కోప్ అన్న గీతను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. కొత్తగా చేరే చాప్లెయిన్లకు నేనే దాన్ని నేర్పుతాను. కానీ ఎవరైనా తల్లి ఏదైనా చేసిపెట్టమని అడిగితే, అది ఎక్కడ రాసి ఉందో ఇప్పుడు వెతకను. దానివల్ల ఏమవుతుందనుకుంటున్నావని కూడా అడగను. వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తెచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించమ్మా అని అడుగుతాను.